వాన పడిన మర్నాటి పరీక్ష

నేను జీవితంలో చాలా పరీక్షలు చేశాను. గాలిలోంచి విబూది తీస్తానన్న స్వామి చేత చొక్కా చేతులు మోచేతి దాకా మడిపించాను. నీళ్ళతో దీపం వెలిగించినాయన ప్రమిద అడుగు నుంచి, నీళ్ళు పడితే మండే వాయువు వదిలే కార్బైడ్ ముక్క తీసి ఊరందరికీ చూపించాను. నిప్పులు తొక్కే చోట చెప్పులు విడిచి నేనూ తొక్కాను. వీటి మీద ఎన్ని వ్యాసాలు రాశానో, ఎన్ని సభల్లో బల్ల గుద్దానో నాకే గుర్తు లేదు. అవన్నీ పాత కాగితాల్లో కలిసిపోయాయి. నన్ను వదలనిది ఒక్క పరీక్షే. అది ఏ సభలోనూ జరగలేదు. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి ముందుగదిలో, షాబాదు బండల నేల మీద, నా భార్య మీద నేను చేసిన పరీక్ష.

పెళ్ళికి ముందు ఆమె నాకు ప్రత్యర్థి. హయత్‌నగర్‌లో ఒక చర్చా సభలో ‘దేవుడి భయం లేకుండా మనిషికి నీతి ఉంటుందా’ అన్నది విషయం. ఉంటుందని నేను ముప్పావుగంట గర్జించాను. అవతలి పక్షం నుంచి ఆమె లేచింది. “ఈ సారు చెప్పింది నిజమే కావచ్చు. కని, వెనక కూసున్న ముసలమ్మ గంట సంది నీళ్ళు నీళ్ళు అంటుంది. ఇన్ని మాటలు చెప్పినాయన జర చెంబు అందియ్యలే. నీతి ఉన్నదా లేదా మీరే చెప్పుండ్రి” అని కూర్చుంది. సభ పగలబడి నవ్వింది. నేను ఓడిపోయాను. ఏడాది తిరగకముందే పంతులు లేకుండా, ముహూర్తం లేకుండా దండలు మార్చుకున్నాం. దేవుడి సంగతిలో ఆమె నా దారికి వచ్చింది. నీళ్ళ చెంబు సంగతిలో నేను ఆమె దారికి పూర్తిగా రాలేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఆమె జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. హైదరాబాదు ఒళ్ళు విరుచుకుని మా మీదికి పెరుగుతున్న రోజులవి. శేరిగూడ వైపు ఇంజనీరింగ్ కాలేజీల బస్సులు బారులు తీరేవి. అబ్దుల్లాపూర్‌మెట్ దారిలో జొన్న చేలు పోయి తెల్లసున్నం పూసిన హద్దురాళ్ళు మొలిచాయి. కొత్త ఇల్లు కట్టేవాడు ఇంజనీరు కన్నా ముందు వాస్తు చూసేవాణ్ణి పిలిచేవాడు. కొడుకు కొలువు కోసం కంప్యూటర్‌కు నిమ్మకాయ కట్టిన తండ్రిని నా కళ్ళతో చూశాను. చేతిలోకి కొత్త సామాను వచ్చింది, తలలో పాత సామాను అలాగే ఉంది అని రాసి, ఆ వాక్యం మీద నేనే ముచ్చటపడేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆమె తొమ్మిదో తరగతిలో బోర్డు మీద త్రిభుజం గీసి, పిల్లల వైపు తిరుగుతూ పడిపోయింది. కాలు జారలేదు, కళ్ళు తిరగలేదు. “తిరుగుదామనుకున్న, కాలు నాతోని రాలే” అంది. ఆ తర్వాత ఎడమ పాదం నేలను గీరుకుంటూ నడవడం, కొన్నాళ్ళు ఒకటి రెండుగా కనబడటం, పొద్దుటి పనికే రోజంతా కూలి చేసినంత అలసట. గాలి సోకిందన్నారు, పక్షవాతం అన్నారు, పంతులు లేని పెళ్ళి కదా అని కూడా అన్నారు. పట్నంలో నరాల డాక్టరు తలకూ వెన్నుకూ స్కానింగులు తీయించి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నరం మీదా ఒక పొర ఉంటుంది. ఒంటిని కాపాడవలసిన శక్తే పొరపాటుపడి ఆ పొరను కొరుకుతుంది. కబురు మెదడు నుంచి బయలుదేరుతుంది, పాదానికి సరిగ్గా చేరదు. మందులు జబ్బును నెమ్మదింపజేస్తాయి కానీ పోగొట్టవు అన్నాడు. ఎండకు, వేడికి ఇంకా తూలుతుంది, చల్లగా ఉంచండి అని కూడా చెప్పాడు. ఈ చివరి మాటను నేను విన్నాను. విన్నానే గానీ పట్టించుకోలేదు.

ఆమెకు కావలసింది ఒక్కటే. జూన్‌లో బడి తెరిచినప్పుడు బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పాలి. హెడ్మాస్టరు మంచివాడే. కుర్చీలో కూర్చుని చెప్పమన్నాడు, బోర్డు మీద పిల్లల చేత రాయిద్దామన్నాడు. ఇంటికి వచ్చి ఆమె నాతో అంది: “కూసొని జామెట్రీ చెప్తె అది రేడియో పాఠం. బోర్డు దిక్కు తిరిగి గీయాలె, గీసి పోరగాండ్ల దిక్కు తిరగాలె. ఆ తిరిగేటిది నాకు మళ్ళ రావాలె. అది రాకుంటె నేను రాజీనామా ఇస్త.”

డాక్టరు హయత్‌నగర్‌లో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాడు. చిన్న వయసు అమ్మాయి, మాట మెత్తన, పని గట్టి. నడక కంటే ముందు నిలకడ నేర్పాలంది. ఒక పాదం మడమను ఇంకో పాదం వేళ్ళకు ఆనించి గీత మీద నిలబడటం. ఆ తర్వాత మడతపెట్టిన బొంత మీద. ఆ తర్వాత కళ్ళు మూసుకుని. చివరిదీ, అన్నిటికన్నా కష్టమైనదీ, నిలబడ్డ చోటే వెనక్కి తిరగడం. ఇవి చేస్తున్నంతసేపూ నడుముకు సబ్బుపెట్టె అంత యంత్రం ఒకటి కట్టుకోవాలి. దాని తీగలు మోకాలి కింద పక్కగా అంటించిన రెండు రబ్బరు ముక్కలకు పోతాయి. వాటిలోంచి సన్నని కరెంటు, పాదం ఎగిరేంత కాదు, చర్మం మీద చీమలు పాకినంత. ఆ కాలికి స్పర్శ సగమే మిగిలింది కాబట్టి ఆమెకు అదీ సరిగ్గా తెలిసేది కాదు. “ఉన్నట్టె ఉంటది, లేనట్టె ఉంటది” అనేది.

ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ పొద్దుటి వేళలు! ఎండ ఎక్కకముందే లేచేవాళ్ళం. మా ముందుగదిలో బండల మధ్య అతుకు గీత తలుపు నుంచి కిటికీ దాకా నిటారుగా పోయేది. ఆమె చెప్పులు విడిచి ఆ గీత మీద పాదాలు పెట్టేది. ఒక పక్క గోడ, వెనక కుర్చీ, ఇంకో పక్క నేను. మూరెడు దూరంలో చేతులు చాచి, ముట్టకుండా నిలబడి లెక్కపెట్టడం నా పని.

“ఒకటి… రెండు… మూడు…”

“గింత మెల్లగ లెక్కపెడ్తవేంది, ఓట్ల లెక్కింపా?”

“జల్ది లెక్కపెడ్తె నువ్వు గెల్చినట్టు కాదు. నాలుగు…”

“మాట్లాడుకుంట ఒక అంకె మింగినవ్. లెక్కల టీచర్‌తోనా నీ ఆటలు?”

మొదటి రోజు నాలుగు దాటలేదు. మార్చిలో పన్నెండు. ఏప్రిల్‌లో ఒక పొద్దున ముప్పై. కళ్ళు మూస్తే మాత్రం వెంటనే ఊగేది. “కండ్లు మూస్తె కాళ్ళు యాడున్నయో తెల్వది. నా కాళ్ళను నేను చూసుకుంట ఉండాలె, లేకుంటె ఇడిచిపెట్టి పోతయ్” అని నవ్వేది. ముప్పై ఏళ్ళు నేను వేదికల మీద మాట్లాడాను. ఆ గదిలో ఒకటి నుంచి ముప్పై దాకా పలికినంత శ్రద్ధగా ఏ మాటనూ పలకలేదు. నా ఉపన్యాసాల్లో ఒక్కటి కూడా మళ్ళీ ఇవ్వాలని నాకు లేదు. ఆ లెక్క మాత్రం మళ్ళీ పెట్టాలని ఉంది.

మా పక్కింటావిడ అప్పుడప్పుడు వచ్చి కూర్చునేది. నా భార్య కన్నా పెద్దది, నోరు ధాటి. ఒకరోజు కొంగు ముడి నుంచి నల్లదారం తీసింది. “చెల్లె, గా కరెంటు డబ్బ మంచిదే. కని ఇది గూడ కట్టుకో. ఒకటి కాకుంటె ఒకటన్న పన్జేస్తది.”

“వద్దక్కా. మా ఇంట్ల ఒకాయనున్నడు, దారం కనవడ్తె కత్తెర తెస్తడు.”

“తమ్మీ, నీకు డబ్బ మీద నమ్మకముంటది, నా దారం మీద ఉండదా?” అని నన్ను అడిగింది.

ఆ ప్రశ్న నన్ను గుచ్చింది. నిజానికి నాకు డబ్బా మీదా నమ్మకం లేదు. నడుం నొప్పికి కరెంటు బెల్టులు, మోకాళ్ళకు అయస్కాంత కడియాలు అమ్మినవాళ్ళ మీద నేను కరపత్రాలు వేసినవాణ్ణి. నా ఇంట్లోనే తీగల పెట్టె ఒకటి వెలుగుతుంటే, ఆ దారానికి నేను ఏం జవాబు చెప్పాలి? ఫిజియోథెరపిస్టును నిలదీశాను. ఆమె దాచలేదు. “ఇది మందు కాదు సార్. వ్యాయామంతోటి కలిపి చేస్తె కొందరికి నిలకడ పెరుగుతది, కొందరికి పెరగదు. మేడంకు ఎట్లుంటదో చేసి చూస్తెనే తెలుస్తది” అంది. నిజాయితీ గల జవాబు అంటే అదే. నాకేమో అది తప్పించుకునే మాటలా వినిపించింది. అవుననో కాదనో తేలకపోతే నాకు నిద్ర పట్టదు. దాన్ని నేను శాస్త్రదృష్టి అనుకునేవాణ్ణి.

మే నెల మధ్యలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. వేపకొమ్మలు విరిగాయి, వీధి దీపాలు పోయాయి, తెల్లవారేసరికి నేల చల్లగా ఉంది. పొద్దున యంత్రం ఆమె నడుముకు కట్టింది నేనే. ఎప్పుడూ నేనే కట్టేవాణ్ణి. ఆ రోజు మీట నొక్కి, దీపం వెలగనిచ్చి, కరెంటు తిప్పే గుండీని సున్నా మీద పెట్టాను. స్వాముల మీద మేము చేసే పరీక్షలకు ఒక పద్ధతి ఉండేది: పరీక్ష జరుగుతోందని ఎదుటివాడికి తెలియకూడదు. ఆ పద్ధతినే ఇంట్లోకి తెచ్చాను.

ఆమె గీత మీద నిలబడింది. ముప్పై వచ్చింది, దాటింది. నలభై ఒకటి దగ్గర గోడకు చెయ్యి ఆనించింది. అంతకు ముందెప్పుడూ అంత లేదు.

“చూసినవా?” ముఖమంతా చెమట, ముఖమంతా నవ్వు. “డబ్బ పన్జేస్తుంది!”

అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది. “డబ్బ పన్జెయ్యలే. సున్న మీద పెట్టిన” అన్నాను. చప్పట్ల కోసం ఆగేవాడిలా ఆగాను కూడా. తర్వాత అన్నాను: “అంటె నిలవడ్డది పూరా నువ్వే. కరెంటు కాదు.” అది ఆమెకు నేనిచ్చే బహుమతి అని మనస్ఫూర్తిగా అనుకున్నాను.

ఆమె కుర్చీలో కూర్చుంది. రబ్బరు ముక్కలు ఒక్కొక్కటే పీకింది.

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తె పరీక్ష ఎట్లయితది?”

“నేనేమన్న గాలిలకెళ్ళి విబూది తీసిన్నా?” గొంతు పెంచలేదు. “నేను మహిమ చూపెడ్త అన్ననా నీకు? నిలవడ్త అన్న. గంతే గదా అన్న.”

నేను వంగి, ఆమె పీకిన తీగలు చుట్టడం మొదలుపెట్టాను.

అక్కడితో అయిపోలేదు. ఆమె లెక్కల మనిషి, రుజువు అన్న మాటకు విలువ ఇచ్చేది. కోపం ఉన్నా నా ఫలితాన్ని నమ్మింది. “పన్జెయ్యదని తేలినంక ఎందుకు కట్టుకోవాలె” అని యంత్రాన్ని అలమరలో పెట్టేసింది. వానల చల్లదనం రెండు రోజులుండి పోయింది. మళ్ళీ ఎండలు ముదిరాయి. నలభై ఒకటి కాస్తా ఇరవై అయింది, పదిహేను అయింది. పదో రోజు తొమ్మిది దగ్గర ఊగి నా చేతుల్లో పడింది. బడి తెరవడానికి మూడు వారాలు కూడా లేవు. జబ్బు మళ్ళీ తిరగబెట్టిందనుకుంది. ఆ మధ్యాహ్నం టేబుల్ దగ్గర కూర్చుని తెల్లకాగితం మీద రాజీనామా రాయడం మొదలుపెట్టింది. నేను చూశాను.

మర్నాడు ఆటోలో హయత్‌నగర్ వెళ్ళాం. ఫిజియోథెరపిస్టు అంతా విని నన్ను ఒక్కటే అడిగింది.

“మీరు పరీక్ష చేసిన పొద్దు వాతావరణం ఎట్లుండె సార్?”

“ముందురోజు వాన పడ్డది.”

ఆమె మెల్లగా అంది: “మేడంకు చల్లదనం గూడ మందే. ఇంక మూడు నెలలు కరెంటు పెట్టి, ఒక్క పొద్దు తీసేస్తె దాని గుణం అదే పొద్దు పోతదా? ఒక్క రోజు చూసి ఏం చెప్పలేం.”

నా భార్య అడిగింది, “అంటె బిడ్డా, పన్జేస్తదని తెల్వదు, పన్జెయ్యదని గూడ తెల్వదు?”

“అవ్ మేడం. ఎండ వల్లనో, కరెంటు లేకనో, ఈ పదొద్దుల ఫికర్ వల్లనో, ఎట్ల చెప్తం? మళ్ళ మొదలు పెడ్దాం.”

“మరి ఈయన తెల్సినట్టె చెప్పిండు.”

తాయెత్తు కట్టుకుంటే జ్వరం తగ్గిందని చెప్పేవాణ్ణి నేను ఏమని వెక్కిరించేవాణ్ణి? ఒక్కసారి జరిగిందాన్ని రుజువంటావా, ఆ రోజు ఇంకా ఏమేం జరిగాయో చూశావా అని. ఆ రోజు వాన జరిగింది. నా కళ్ళ ముందే జరిగింది. నేను చూడలేదు. బాబాను పట్టుకునే తొందరలో ఉన్నాను, అక్కడ బాబా లేడు, నా భార్య ఉంది.

తిరిగి వస్తూ ఆటోలో, బయటికి చూస్తూ ఆమె చెప్పింది: “రేపటి సంది నువ్వు రాకు. అక్క ఉంటది నా పక్కన.”

మర్నాడు పొద్దున ముందుగది తలుపు మూసుకుంది. లోపల కూలర్ చప్పుడు. లెక్కపెట్టేది పక్కింటావిడ, ఆ నల్లదారం ఆవిడ. నేను వసారాలో పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి.

“పదకొండు… అగో, మీ ఆయన కిటికీల నుంచి తొంగి చూస్తుండు… పన్నెండు…”

“చూడనీ. నువ్వు అంకె తప్పకు.”

“పదమూడు… ఓ తమ్మీ, పేపరు తిరగేసి పట్టుకున్నవ్!”

లోపల ఇద్దరూ నవ్వేవాళ్ళు. నాకూ నవ్వు వచ్చేది. ఆ నవ్వులో నేను లేననేది వెంటనే గుర్తొచ్చేది.

బడి తెరిచిన రోజు ఆమె పక్కింటావిడతో ఆటోలో పోయింది. నన్ను రావద్దంది. గంటసేపు ఇంట్లో ఉండగలిగాను. ఆ తర్వాత నడుచుకుంటూ బడి వెనక వీధిలోకి వెళ్ళాను. ప్రహరీగోడకు అవతల ఆమె తరగతి. లోపల ఏమీ కనబడదు, గొంతు మాత్రం వినిపిస్తుంది. బోర్డు వైపు తిరిగినప్పుడు గొంతు మందమవుతుంది. పిల్లల వైపు తిరిగితే తేటగా వస్తుంది. మందం, తేట. ఆమె తిరుగుతోంది! మళ్ళీ మందం. ఆ తర్వాత ఏమీ లేదు. నిశ్శబ్దం. నాకు తెలియకుండానే నా పెదవులు కదులుతున్నాయి: మూడు, నాలుగు, ఐదు.

అప్పుడు తెలిసింది నేనేం చేస్తున్నానో. ఆమెకు తెలియకుండా, ఆమెను అడగకుండా, మళ్ళీ పరీక్ష చేస్తున్నాను. లెక్క ఆపేశాను. ఆ నిశ్శబ్దం ఏమైందో తెలుసుకోకుండానే వెనక్కి తిరిగి ఇంటికి నడిచాను. తెలుసుకోవడం కోసం బతికినవాడికి అది ఎంత దూరమో ఎలా చెప్పను?

సాయంత్రం ఆమె వచ్చింది. చీర భుజం మీద సుద్దపొడి, అరచెయ్యి వెడల్పున తెల్లని మచ్చ. బోర్డుకు ఆనుకుంటే అంటేది అదే. నేను చూశాను, అడగలేదు. టీ పెట్టి ఇచ్చాను. సగం తాగాక ఆమే చెప్పింది.

“మూడు పీరియడ్లు. రెండుసార్లు బోర్డుకు ఆనుకున్న. ‘మేడం, బోర్డు ఊగుతుంది’ అన్నరు పోరగాండ్లు. ‘బోర్డు కాదు, మీ మేడమే ఊగుతుంది, మీరు రాసుకోండ్రి’ అన్న.”

“గోడ అవతల నేను కొంచెంసేపు నిలవడ్డ” అన్నాను.

“ఎరుకే. ఆటో ఆయన చూసిండట.” నా వైపు చూసింది. “మొత్తం విన్నవా?”

“లే. సగంల వాపస్ వచ్చిన.”

“మంచిగ చేసినవ్” అంది. మిగిలిన సగం టీ తాగేసింది.

అయినా మర్నాడు తలుపు మూసే ఉంది. నాలుగేళ్ళు ఆమె నిలబడి పాఠం చెప్పింది. ఆ నాలుగేళ్ళూ ప్రతి పొద్దూ యంత్రం కట్టుకుని, గీత మీద నిలబడి, సాధన చేసింది. కరెంటు పనిచేసిందా, వ్యాయామం పనిచేసిందా, ఆమె మొండితనమా, నాకు తెలియదు. తెలియదని రాయడానికి ఇప్పుడు నా కలం తడబడదు. పక్కింటివాళ్ళు ఇల్లమ్ముకుని హయత్‌నగర్ వెళ్ళిపోయాక ఆమె ఒక్కతే లెక్కపెట్టుకునేది. నేను వసారాలో ఉండేవాణ్ణి. ఆమె లోపల అంకె అంటే నేను బయట పెదవి కదపకుండా వినేవాణ్ణి. ఎప్పుడైనా తలుపు తీసి, రా, లెక్కపెట్టు అంటుందని ఎదురుచూసేవాణ్ణి. అడగడానికి నోరు రాలేదు. నాకు శిక్ష వేయాలని ఆమెకు లేదనుకుంటాను. నిలబడటం ఒక్కటైనా ఎవరి కళ్ళకూ రుజువు చూపనక్కరలేని పనిగా ఉంచుకుంది.

ఐదో ఏడు చలికాలంలో జబ్బు గట్టిగా తిరగబెట్టింది. రెండు నెలలు దవాఖాన, ఇల్లు. ఆ తర్వాత ఒక పొద్దున నేను వసారాలో కూర్చుంటే ముందుగది తలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె చక్రాల కుర్చీలో, కిటికీ దగ్గర.

“లోపటికి రా” అంది. “ఇగ లెక్కపెట్టేటందుకు ఏం లేదు.”

వెళ్ళాను. పక్కన కూర్చున్నాను. ఇప్పటికీ ప్రతి పొద్దూ కూర్చుంటాను. ఆమె పేపరు చదివి నా పాత వ్యాసాల్లోని తప్పులు గుర్తుచేసి నవ్విస్తుంది. మా ఇద్దరికీ కొరత లేదని చూసినవాళ్ళంటారు. కానీ తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు నేను కోరుకునేది ఒక్కటే. ఆ తలుపు మూసుకుని ఉండాలి. నన్ను బయటే ఉంచాలి. లోపల ఆమె గొంతు ఇరవై దాటి, ముప్పై దాటి, నేను లేకుండానే పోతూ ఉండాలి.